తుపాకి ఆటకు ప్రపంచ పోటీ

ఈ నెల మనము మాట్లాడుకొనబోవు సంగతి మన పెద్దలలో అనేకులకు క్రొత్తది. ఇంటిలోని పదునారేండ్ల పిల్లవానికి మాత్రము పాతది. వాలరంట్ అను కంప్యూటర్ ఆట ఒకటి యున్నది. దానిని అమెరికాలోని రయట్ గేమ్స్ అను కంపెనీ 2020 జూన్‌లో విడుదల చేసినది. ఆ మరుసటి సంవత్సరము నుండి ఆ ఆటకు ఏటేట ప్రపంచ పోటీ జరుగుచున్నది. దాని పేరు వాలరంట్ ఛాంపియన్స్. 2025లో అది ఫ్రాన్సు దేశములోని పారిస్‌లో సెప్టెంబరు 12 మొదలుకొని అక్టోబరు 5 వరకు జరిగినది. కడపటి పోటీ అకోర్ అరీనా అను గొప్ప మందిరములో, జనము టిక్కెట్లు కొని వచ్చి కూర్చుండగా జరిగినది. అమెరికా జట్టయిన ఎన్‌ఆర్‌జీ, యూరప్ జట్టయిన ఫ్నాటిక్‌ను 3–2 తేడాతో ఓడించినది. గెలిచిన జట్టుకు పది లక్షల డాలర్లు. మన లెక్కలో ఎనిమిది కోట్ల రూపాయలకు పైమాటే.

ఈ సంగతి మేము ఒక ఆదివారము సాయంత్రము కొందరు పెద్దల మధ్య చెప్పినప్పుడు ఒకాయన, "ఆడుకున్నందుకు ఎనిమిది కోట్లా అయ్యగారూ! మా నాన్న గోళీలాడితే బెత్తం విరిగేలా కొట్టేవాడు" అన్నాడు. అందరు నవ్విరి. అయితే అదే గుంపులో ఒక తండ్రి నవ్వలేదు. అందరు వెళ్లినాక ఆయన వెనుక నిలిచి, "మావాడు ఇంటర్ మానేస్తానంటున్నాడండి. ఈ ఆటలోనే పైకొస్తాడంట. కంప్యూటర్ కొనిపెట్టమంటున్నాడు. డెబ్బయి వేలంట. ఎకరం కౌలుకిచ్చి కొనమంటారా, వద్దంటారా?" అని అడిగెను. ఆయనకు ఒక్క మాటలో జవాబు చెప్పి పంపుట న్యాయముగా తోచలేదు. ఇటువంటి ప్రశ్న గల తలిదండ్రులు ఆయన ఒక్కరే కారు గనుక, మేము తెలిసికొన్న సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా ఆట ఏమిటో చూతము. అయిదుగురు ఒక పక్షము, అయిదుగురు మరియొక పక్షము. ఒక పక్షమువారు స్పైక్ అను బాంబును తీసికొనిపోయి నియమించిన చోట పెట్టవలెను. రెండవ పక్షమువారు దానిని పెట్టనియ్యకూడదు. పెట్టినయెడల పేలకముందే ఆర్పవలెను. పెట్టుటకు నూరు సెకండ్ల సమయము. పెట్టిన తరువాత 45 సెకండ్లకు పేలును. ఆర్పుటకు ఏడు సెకండ్లు పట్టును. ఇట్లు ఒక్కొక్క రౌండు రెండు మూడు నిమిషములలో ముగియును. పండ్రెండు రౌండ్లు అయిన తరువాత పక్షములు మారును. దాడి చేసినవారు కాపలాకును, కాపలా కాచినవారు దాడికిని వత్తురు. ముందుగా 13 రౌండ్లు గెలిచినవారిది ఆ మ్యాపు. చెరి 12 వచ్చినయెడల రెండు రౌండ్ల ఆధిక్యము వచ్చువరకు ఆడవలసినదే. ఫైనలులో అయిదు మ్యాపులకు మూడు గెలువవలెను. ఒక్కొక్క ఫైనలు నాలుగైదు గంటలు సాగుట గలదు.

ఆటగాడు ఎన్నుకొను పాత్రలను ఏజెంట్లందురు. ఒకడు పొగ వేయును, ఒకతె గోడ కట్టును, ఒకడు శత్రువుల కండ్లు మిరుమిట్లు గొలుపును. సేజ్ అను పాత్ర గాయములు మాన్పును. పడిపోయిన తోటివానిని లేపును కూడ. ఆ పనికి వారు పెట్టిన పేరు పునరుత్థానము! పిల్లలు ఆ మాటను అతి తేలికగా, "రిజరెక్షన్ వేసెయ్‌రా" అని కేకవేయుట విన్నప్పుడు మేము కొంచెము ఉలిక్కిపడితిమి.

గురిచూచి కాల్చుటయే ఈ ఆట అని మనము అనుకొందుము. అది సగము మాత్రమే. తక్కిన సగము డబ్బు లెక్క. ఇది నిజమైన డబ్బు కాదు, ఆటలోని క్రెడిట్లు. సంసారము నడుపు తల్లులకు ఈ భాగము వెంటనే అర్థమగును గనుక కొంచెము వివరముగా వ్రాయుదుము. మొదటి రౌండులో ప్రతివానికి 800 క్రెడిట్లు ఇత్తురు. దానితో చిన్న పిస్తోలు, ఏదో ఒక చిన్న సాధనము మాత్రమే వచ్చును. రౌండు గెలిచినవారికి మనిషికి 3000 వచ్చును. ఓడినవారికి 1900. వరుసగా రెండవసారి ఓడినయెడల 2400, మూడవసారి 2900. ఓడినవాడు బొత్తిగా మునిగిపోకుండ ఈ ఏర్పాటు చేసిరి. మంచి తుపాకి వెల 2900, పూర్తి కవచము వెల 1000. అనగా సిద్ధపడి పోవుటకు 3900 కావలెను. ఒకసారి ఓడినవాని చేతిలో అంత యుండదు.

అప్పుడు ఏమి చేయవలెను? ఉన్న కొద్దితో నాసిరకము తుపాకి కొని పోయి, ఓడి, మరల వట్టిచేతులతో నిలుచుట ఒక దారి. అయిదుగురు మాట్లాడుకొని, "ఈ రౌండు పోతే పోనీ, ఎవరూ ఏమీ కొనవద్దు, వచ్చే రౌండుకు దాచుదము" అని ఒప్పుకొనుట రెండవ దారి. ఒక్కడు ఆ మాట వినక తన డబ్బు ఖర్చు పెట్టుకొన్నయెడల తరువాతి రౌండులో నలుగురు సిద్ధముగాను ఒకడు లోటుగాను నిలుతురు. ఎక్కువ యున్నవాడు తక్కువ యున్నవానికి తుపాకి కొనిపెట్టవచ్చును. మంచి జట్లలో అది అడుగకుండనే జరుగును. తొమ్మిది వేలకు మించి దాచుటకు వీలులేదు. పక్షములు మారినప్పుడు పాత నిలువ అంతయు పోయి మరల 800తో మొదలు. పెట్టుబడి ఎప్పుడు పెట్టవలెనో, ఒక పంట ఎప్పుడు వదలుకొనవలెనో తెలిసిన రైతు ఈ లెక్కను పది నిమిషములలో పట్టుకొనగలడు. గురి మాత్రము ఆయనకు రాకపోవచ్చును!

ఈ పోటీ చరిత్ర చిన్నదే. 2021 డిసెంబరులో మొదటిది జర్మనీలోని బెర్లిన్‌లో జరిగినది. ఏసెండ్ అను జట్టు గాంబిట్ జట్టును 3–2తో ఓడించినది. 2022లో టర్కీలోని ఇస్తాంబుల్. అక్కడ బ్రెజిల్ జట్టు లౌడ్, అమెరికా జట్టు ఆప్టిక్‌ను 3–1తో గెలిచినది. ఆ యేడు ఏప్రిల్‌లో ఐస్‌లాండు రాజధాని రేక్యవీక్‌లో జరిగిన మరియొక పోటీ ఫైనలులో ఇదే ఆప్టిక్, ఇదే లౌడ్‌ను 3–0తో చిత్తుచేసి యుండెను. అయిదు నెలలలో తారుమారైనది.

2023లో పోటీ అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌కు వెళ్లినది. అక్కడ మధ్యాహ్నము పండ్రెండయినప్పుడు మనకు రాత్రి పండ్రెండున్నర. ఆ ఆగస్టు నెలలో మన పిల్లలు కొందరు తెల్లవారుజాము వరకు ఫోను పట్టుకొని ఎందుకు మేలుకొనిరో ఇప్పుడైనను తెలిసినది గదా! ఆ సంవత్సరము గెలిచినది ఈవిల్ జీనియసెస్ అను అమెరికా జట్టు. సింగపూరుకు చెందిన పేపర్ రెక్స్‌ను 3–1తో ఓడించిరి. ఆ జట్టు ముఖ్య శిక్షకురాలు క్రిస్టీన్ చీ అను స్త్రీ. ఆటలోకములో ఆమెను పాటర్ అని పిలుతురు. ఛాంపియన్స్ గెలిచిన జట్టుకు ముఖ్య శిక్షకురాలిగా ఒక స్త్రీ నిలుచుట అదే మొదలు. రౌండు నడుచుచున్నప్పుడు శిక్షకురాలు నోరు మెదపకూడదు. కొద్దిసార్లు దొరకు స్వల్ప విరామములలోనే చెప్పవలసినది చెప్పవలెను. పిల్లలు ఆడుచుండగా వెనుక నిలువబడి మౌనముగా చూచుట ఎంత కష్టమో తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

2024లో దక్షిణ కొరియా. చైనా జట్టు ఈడీజీ, స్పెయిన్ జట్టు హెరెటిక్స్‌ను 3–2తో గెలిచినది. ఈ ఆట చైనాలో అధికారికముగా విడుదలైనది 2023 జులైలో. పదునాలుగు నెలలు తిరుగకముందే వారి జట్టు ప్రపంచ విజేత. ఆ తరువాతది మేము మొదట చెప్పిన పారిస్ పోటీ. అక్కడ గెలిచిన ఎన్‌ఆర్‌జీలో ఈథన్ ఆర్నల్డ్ అను యువకుడు 2023లో ఈవిల్ జీనియసెస్‌తో కూడ గెలిచినవాడే. రెండుసార్లు గెలిచిన మొదటి ఆటగాడు అతడే.

ఇక ఆ తండ్రి అడిగిన ప్రశ్న. ఈ పోటీకి ప్రపంచమంతటి నుండి వచ్చునవి పదునారు జట్లు. 2024లోను 2025లోను నాలుగు మండలముల నుండి నాలుగేసి చొప్పున వచ్చినవి. ఒక్కొక్క జట్టుకు అయిదుగురు. అనగా ఎనుబదిమంది. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది సభ్యులున్నారు. లోకమంతటిలోను ఆ వేదిక మీద కూర్చుండువారు అందులో సగముకంటె తక్కువ. ఎమ్మెల్యే అగుట తేలిక అని మేము అనుట లేదు గాని, లెక్క లెక్కయే. భారతదేశము నుండి గ్లోబల్ ఈస్పోర్ట్స్ అను జట్టు 2023 నుండి పసిఫిక్ లీగులో ఆడుచున్నది. అందులో చోటు దొరకుటయే గొప్ప. అయినను 2021 నుండి 2025 వరకు జరిగిన అయిదు ఛాంపియన్స్ పోటీలలో ఒక్కదానిలోను భారతీయ జట్టు ఆడలేదు. మనవారికి తెలివి లేక కాదు. ఈ ఆటకు మంచి కంప్యూటర్, ఆగని కరెంటు, తడబడని ఇంటర్నెట్ కావలెను. మాట చేరుటలో సెకండులో పదియవ వంతు ఆలస్యమైనను ప్రాణము పోవు ఆట ఇది. మన పల్లెలలో ఉరుము ఉరిమితే కరెంటు తీసివేయుదురు.

గెలిచినవారి సంగతియైనను స్థిరమా? 2022 సెప్టెంబరులో రయట్ కంపెనీ తన క్రొత్త అంతర్జాతీయ లీగులకు ముప్పది జట్లను ఎన్నుకొన్నది. మొదటి ఛాంపియన్ అయిన ఏసెండ్‌కు అందులో చోటు దొరకలేదు. ఆ నెలలోనే ఇస్తాంబుల్ ఫైనలు ఆడిన ఆప్టిక్‌కును దొరకలేదు. ఆటలో ఓడి కాదు సుమా, కంపెనీ ఎన్నికలో! క్రికెట్టు ఎవరి సొత్తు కాదు. కబడ్డీకి గీతలు గీచుకొన్నచోట కోర్టు. ఈ ఆట మాత్రము ఒక కంపెనీ సొత్తు. మైదానము వారిది, బంతి వారిది, నియమములు వారివి. 2023లో గెలిచిన అయిదుగురిలో నలుగురు కొద్ది నెలలలోనే ఆ జట్టును విడిచి ఇతర జట్లకు పోయిరి. ఇరువది రెండు, ఇరువది మూడేండ్లకే పాతబడినవారుగా ఎంచబడు బిడ్డలు ఈ రంగములో ఉన్నారు.

మరి అంత సొమ్ము ఎక్కడనుండి వచ్చుచున్నది? ఆట ఉచితము. తుపాకులకు వేయు రంగులు, బొమ్మలు అమ్ముదురు. వాటివలన గురి పెరుగదు, బలము పెరుగదు. కంటికి ఇంపు మాత్రమే. 2021 పోటీ పేరిట అమ్మిన అలంకారముల రాబడిలో సగము ఆడిన పదునారు జట్లకు పంచగా, ఆ సగమే 75 లక్షల డాలర్లు అయినది. బహుమాన ధనమంతయు కలిపి ఆ సంవత్సరము పది లక్షలు మాత్రమే! గనుక పోటీ ఒక తిరునాళ్ల వంటిది. ప్రభ చూచుటకు వచ్చినవారు అంగడిలో కొందురు. ఫోనులో తండ్రి బ్యాంకు ఖాతా కలిపియున్న ఇండ్లలో ఈ ముక్క రెండుసార్లు చదువుడి.

ఒక విచారకరమైన సంగతి కూడ వ్రాయవలెను. ఇది వాలరంట్ కాదు, దానికి అన్నవంటి కౌంటర్-స్ట్రైక్ అను ఆట. 2018 అక్టోబరులో చైనాలోని షాంఘైలో ఆసియా జట్ల పోటీ జరుగుచుండగా ఒక భారతీయ జట్టు ఆటగాని కంప్యూటరులో గురి తప్పకుండ సహాయపడు దొంగ ప్రోగ్రాము దొరికినది. పరిశీలకులు వచ్చునప్పుడు అతడు దానిని తుడిచివేయుటకు ప్రయత్నించెను. జట్టంతటిని పోటీనుండి తొలగించిరి. అతనిమీద అయిదు సంవత్సరముల నిషేధము పడినది. ఆ జట్టును పోషించిన విదేశీ సంస్థ భారతీయ జట్టునే మూసివేసినది. తక్కిన నలుగురి జీవనోపాధియు దానితోనే పోయినది. అతని పేరు ఇక్కడ వ్రాయము. ఆ నలుగురి తలిదండ్రులను గూర్చి మేము చాలసార్లు తలంచితిమి.

ఇందులో కాల్చుట యున్నది గదా, మన పిల్లలు చూడవచ్చునా అని కొందరు అక్కలు అడిగిరి. ఉన్నది, దాచిపెట్టి చెప్పుట ఎందుకు? బొమ్మల వంటి పాత్రలు, నెత్తురు కనబడకుండ చేసికొను సదుపాయము ఉన్నవి గాని, మనిషిమీద గురిపెట్టుటయే ఆట. యూరప్‌లో దీనికి 16 ఏండ్ల పరిమితి పెట్టిరి; అమెరికాలో 13 దాటినవారికి తగినదన్నారు. పదేండ్లవాని చేతికి దీనినిచ్చుట తగదని మా అభిప్రాయము. అయితే ఈ విషయమై మాతో గట్టిగా వాదించిన ఒక పెద్దాయన సంక్రాంతికి కోడికి కత్తి కట్టి పందెము కాయువాడని ఊరందరికి తెలియును. ఆయన బరిలో కారునది కంప్యూటరు నెత్తురు కాదు.

పందెము మాట వచ్చినది గనుక ఇక్కడొక భేదము స్పష్టముగా చెప్పవలెను. ఫోనులో డబ్బు పెట్టి ఆడు రమ్మీ, బెట్టింగు యాపులు వేరు. ఈ పోటీలు వేరు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసినది. ఆ నెల 22న రాష్ట్రపతి ఆమోదము లభించినది. డబ్బు పందెపు ఆటలను నడుపువారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అని అందులో వ్రాసిరి. అదే చట్టము ఈ-స్పోర్ట్స్ అనబడు పోటీలను క్రీడగా గుర్తించినది. కొడుకు అప్పులపాలై పురుగుమందు త్రాగిన ఇండ్లకు మేము వెళ్లియున్నాము. ఆ ఇండ్లలో చేసినది రమ్మీ, బెట్టింగు. ఆ భయముతో జట్టుగా ఆడుకొను పిల్లవానిని జూదరి అని పిలుచుట అన్యాయము. ఆ పేరు ఒకసారి తగిలినయెడల వాడు మరి మనతో మాట్లాడడు.

మితిమీరుట మాత్రము నిజమైన ప్రమాదము. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో దీనిని చేర్చినది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఎన్ని గంటలు ఆడుచున్నాడు అనునది అక్కడ కొలత కాదు. ఆట మీద అదుపు తప్పుట, తిండి, నిద్ర, చదువు, మనుష్యులు అన్నిటికంటె ఆటయే ముందగుట, నష్టము కనబడుచున్నను మానలేకపోవుట, ఇవి సాధారణముగా ఏడాదిపాటు సాగుట — ఇదీ కొలత. అటువంటివానికి తిట్లు మందు కావు. డాక్టరుగారి వద్దకు తీసికొనిపోవలెను. సెలవులలో రాత్రి పది వరకు ఆడి, మరునాడు లేచి గేదెలకు మేత వేయు పిల్లవాడు రోగి కాడు.

ఎకరము సంగతి. వద్దనియే మేము ఆ తండ్రితో చెప్పితిమి. కౌలు సొమ్ము ఒకసారి పోయిన తిరిగి రాదు. ఇంటర్ పరీక్ష ఒక సంవత్సరము తప్పిన మరల వ్రాయించుట మన ఇండ్లలో ఎంత కష్టమో తెలిసినదే. కాని "నీ మొహానికి ఆటలా" అను మాట ఇంట్లో అనవద్దని కూడ చెప్పితిమి. ఇంటర్ పూర్తిచేయుమనుడి, ఆలోపల పట్టణములో గంటకింత అని కంప్యూటర్లు అద్దెకిచ్చు చోట నెలకు రెండు ఆదివారములు ఆరాధన తరువాత ఆడుకొననియ్యుడి, ఆ పిల్లవాని ర్యాంకు ఎంతో మీరే కండ్లార చూడుడి అంటిమి. ఈ ఆటలో ప్రతివానికి ఒక ర్యాంకు ఉండును. అందరికంటె పైనున్నదానిని రేడియంట్ అందురు. వీడు ఇంకను క్రింది మెట్లలోనే యున్నాడట. ఆ సంగతి కొడుకు నోటనే వచ్చినది. మేము అడిగినందుకు కాదు, వాళ్లమ్మ అడిగినందుకు.

ఆమె ఒకనాటి రాత్రి వాని ప్రక్కన కూర్చుండి పారిస్ ఫైనలు మరల వేసి చూపించుమన్నదట. వాడు మొదట సిగ్గుపడెను. రెండు రౌండ్లయినాక ఆమె, "అందరూ చిన్న తుపాకులే పట్టుకున్నారేంట్రా, డబ్బుల్లేవా?" అన్నది. "ఉన్నాయమ్మా, దాస్తున్నారు" అన్నాడు. "ఎందుకు?" అని ఆమె అడుగగా వాడు లెక్క చెప్ప మొదలుపెట్టెను. డ్వాక్రా పుస్తకము వ్రాయునది ఆమెయే గనుక వాని లెక్కలో ఒక తప్పు కూడ పట్టుకొన్నదట. రాత్రి పదకొండు వరకు ఇద్దరును కూర్చుండిరి. కంప్యూటర్ మాట ఆ రాత్రి వాడు ఎత్తలేదని తండ్రి చెప్పెను, మరునాడు ఎత్తినాడట.